ఎర్రబోరు దగ్గర విరిగిన మేడి

మా చెల్లెలు లచ్చమ్మ ఫోన్‌లో చెప్పింది రెండే ముక్కలు: "అన్నా, మేడి విరిగింది. జల్ది రా." అంతలో సిగ్నల్ పోయింది. నేను వడ్రంగిని. మేడి అంటే నా చెవికి నాగలి మేడే, దున్నేవాడు చేత్తో పట్టుకునేది. వానలు దగ్గరపడ్డాయి, బావ దుక్కికి తొందరపడుతున్నాడనుకుని రెండు రోజులు కూర్చుని తుమ్మకర్రతో నున్నగా ఒక మేడి చెక్కాను. మూడో రోజు పొద్దున ఆరింటికి దాన్ని గోనెపట్టాలో చుట్టి భద్రాచలంలో బస్తర్ వైపు పోయే కొంటా ఊరి బస్సెక్కాను.

పక్క సీట్లో ఉల్లిగడ్డల వ్యాపారి. మూట విప్పించి చూసి, "ట్రాక్టర్లొచ్చినంక గిదేందయ్యా" అని నవ్వాడు. మా బావ పొలంలో ట్రాక్టర్ మళ్ళేంత జాగా లేదని చెప్పాను. తొమ్మిది దాటాక కొంటాలో దిగి పూరీ తిన్నాను. ఎర్రబోరు జీపు జనం నిండితేగానీ కదలదు, పదింటికి కదిలింది. మనిషికి యాభై రూపాయలు. ఎర్రబోరులో దిగి లచ్చమ్మ ఊరికి ఇంకో అరగంట నడవాలి. వేసవిలో వెళ్ళేవాళ్ళు నీళ్ళ సీసా మరవకండి, దారిలో నీడ తక్కువ.

ఇల్లు కనబడగానే భుజం మీది కర్ర జారిపోయింది. విరిగింది మేడిచెట్టు. ఎద్దు నడుమంత కొమ్మ వసారా మీద పడి, కింద ఉన్న నులకమంచాన్ని నుగ్గు చేసింది. ఆ మంచం లచ్చమ్మ అత్త ముత్తమ్మది.

గాలి లేదు, వాన లేదు, మిట్టమధ్యాహ్నం దానంతటదే పడిందని లచ్చమ్మ చెప్పింది. మేడి గుణమే అంత, నిండు ఎండలో చప్పుడు లేకుండా కొమ్మ జారవిడుస్తుంది. కలపగా పనికిరాదు, మెత్తన, ఏడాదికే పుచ్చిపోతుంది. నీళ్ళలో మునిగి ఉంటే మాత్రం చెడదు, అందుకే పాతకాలం బావుల అడుగున దాని చట్రం వేసేవారు. పాలు సెగ్గడ్డలకు, పగిలిన మడమలకు రాస్తారు. ఆకు మేకలకు మేత, పండు మనుషులకూ పిట్టలకూ తిండి.

ఇక్కడ మాత్రం పండు నేలంతా పరుచుకుని కుళ్ళుతోంది. ఒక్క పిట్ట లేదు. ఆకుల నిండా పురుగు పెట్టిన బుడిపెలు, మేకలు వాసన చూసి ముఖం తిప్పుకుంటున్నాయి. నేను దయ్యాలను నమ్మే రకం కాదు. కట్టెలో దయ్యముంటే ఈపాటికి నా రంపానికి చిక్కేదని నా వడ్రంగి కొట్టంలో ఎగతాళి చేస్తుంటాను.

మానుకు బలమెంతుందో చూద్దామని తెచ్చిన నాగలి మేడితోనే కొట్టాను. మొదలు దగ్గర గట్టిగా పలికింది. రొమ్మెత్తున కొడితే ఖాళీ కుండలా మోగింది. మళ్ళీ చెయ్యెత్తాను. లోపలి నుంచి టక్, టక్, టక్. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ముత్తమ్మ తొందరేమీ లేకుండా లేచి, చెంబుతో నీళ్ళు తెచ్చి చెట్టు మొదట్లో పోసింది. "మా ముసలాయన, బిడ్డా. ఆఖర్ల మాట పడిపోయింది. గోడ మీద మూడుసార్లు కొడితే నీళ్ళడిగినట్టు. మొన్న గూడ కొట్టిండు. నేను నీళ్ళు వట్కోని లేసిన, మంచం మీద కొమ్మ వడ్డది. ఆయన పిలవబట్టే బతికిన. గీ ఇల్లిడిసి నేను యాడికి పోవాలె?"

ఆయన పోయి ఏడాదైందట. డొల్లమాను ఇంటివైపే వంగి ఉంది. ఈసారి పడితే కొమ్మ కాదు, చెట్టే. ఊరి చివర తన తమ్ముడింట్లో చోటుందని బావ అంటున్నాడు గానీ తల్లి కదలదు, తల్లిని వదిలి ఇతను కదలడు.

నిచ్చెన వేసి ఎక్కాను. రెండు నిలువుల ఎత్తున ఒక తొర్ర, దాని వాకిలి సగం బురదతో మూసి ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అడవిలో ఒక పెద్ద ముక్కు పిట్ట ఉంది, ఆడది గుడ్లు పెట్టి తొర్రలో ఉండి వాకిలి మూసుకుంటే మగది సందులోంచి పండ్లు అందిస్తుంది. ఫోన్ లైటు వేసి చూశాను. ఎండిన బురద, రెండు పాత ఈకలు, కింద చీకటి. పిట్ట లేదు. చూస్తుండగానే టక్, టక్, టక్. ఈసారి నిచ్చెన అదిరింది.

కిందికి దిగి, "పిట్ట ఉందత్తా, గుడ్ల మీదుంది. ముక్కుతో కొడుతోంది" అన్నాను. ముత్తమ్మ నా కాళ్ళ మీంచి చూపు తిప్పుకుంది. చాప చుట్టుకుని చిన్నకొడుకింటి దారి పట్టింది. సాయంత్రం అయిదుకల్లా సామానంతా చేరేశాం. అబద్ధమైతేనేం, మూడు ప్రాణాలు దక్కాయని ఆ రాత్రి గర్వంగానే పడుకున్నాను.

మర్నాడు ఏడింటి జీపులో కొంటా వచ్చి, తొమ్మిదిన్నర బస్సెక్కాను. చట్టి ఊరు దాటాక లచ్చమ్మ ఫోన్ చేసింది. చెట్టు పడిందా అని అడిగాను. నిలబడే ఉందంది.

"అన్నా, పిట్ట లేదని అత్తకు ఎరుకేనంట. పోయినేడు పిల్లల్తోటి ఎగిరిపోయినయి, మళ్ళ రాలే అంటాంది."

"మరి ఎందుకు కదిలింది?"

"నువ్వు దిగేటప్పుడు నీ కాళ్ళు చూసిందంట. 'మా ఆయనైతే ఆ పిలగాడు గట్ల వణుకుతడా? గది ఆయన కాదు' అంటాంది."

ఇల్లు ఖాళీ చేయించానని గర్వపడ్డవాడిని, ముసలామెకు మిగిలిన ఒక్క తోడునూ చెరిపేసి వస్తున్నాను. బస్తర్‌లో ఏం చూసొచ్చావని ఎవరడిగినా నాకు ఇదే గుర్తొస్తుంది.

లచ్చమ్మ ఇంకా లైన్లోనే ఉంది. "ఇయ్యాల పొద్దుగాల పాతింటికి పోయినం, చెట్టుల మళ్ళ కొట్టింది అన్నా. అత్త ఇన్నది. నీళ్ళు తీస్కపోలే."