వంకర గుడ్ల డబ్బా

తెల్లవారగానే కోళ్లమ్మ పెరట్లోకి వెళ్లి గంపల్లో చేయిపెట్టి, వెచ్చటి గుడ్లను ఒక్కొక్కటే తీస్తుంది. గుడ్డతో తుడిచి, టార్చిలైటు వెలుగులో పట్టుకుని, ఒక కన్ను మూసి పరీక్షగా చూస్తుంది. నున్నగా, ఒకే తీరుగా ఉన్నవే అమ్మకానికి వెళ్తాయి. కోలగా సాగినవీ, పెంకు ముడతలు పడ్డవీ, గోలీకాయంతవీ ఎవరి కంటా పడకుండా మూతడబ్బాలోకి పోతాయి. "కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే మా ఆవిడ దగ్గరే నేర్చుకోవాలి" అంటాడు మొగుడు, ఆ గుడ్లతో వేసిన ఆమ్లెట్టే తింటూ.

మొన్న పక్కవీధి అమ్మాయి నాలుగేళ్ల కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. జ్వరం తగ్గి వారమైనా పిల్ల ఏదీ నోట పెట్టడం లేదట. "చూడు పిన్నీ, ఎలా చిక్కిపోయిందో! నాకు భయంగా ఉంది" అంటూండగానే పిల్ల జారి దిగి, డబ్బా మూత తీసి గోలీకాయంత గుడ్డు పట్టుకుంది. కోళ్లమ్మకు తల కొట్టేసినట్లయింది.

"అది వద్దు తల్లీ. కొత్తగా గుడ్లకొచ్చిన పెట్టది. లోపల పచ్చసొన కూడా ఉండదు."

"చిన్న గుడ్డు నాదే!" పిల్ల గుప్పిలి విప్పలేదు.

చేసేది లేక ఉడికించి ఇచ్చింది. పిల్ల రెండు కొరుకుల్లో తినేసి, "ఇంకోటి?" అంది. తల్లి గబగబా తానే డబ్బా మూత తీసి ఇంకో చిన్న గుడ్డు వెతికింది.

ఈరోజు డబ్బా ఖాళీ. గంపలన్నీ వెతికినా నున్నటి గుడ్లే. గుమ్మంలో పిల్ల గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. కోళ్లమ్మ పెట్టల వైపు తిరిగి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"సిగ్గు లేదుటే మీకు? ఇంతమందిలో ఒక్కతైనా వంకరగా పెట్టలేకపోయిందా!"