పంజాగుట్ట దాకా ఒక ఆఫర్ మెయిల్ వెంట

"అక్కా, ఉద్యోగం వచ్చేసింది! రేపు మధ్యాహ్నంలోపు డిపాజిట్ కట్టాలంట" అని మా చెల్లెలు స్వాతి ఫోన్ చేయగానే నాకు సంతోషం కంటే కంగారే ఎక్కువైంది. నెలాఖరుకి ఉద్యోగం రాకపోతే హైదరాబాద్ హాస్టల్ ఖాళీ చేసి వచ్చేయమని నాన్న ఖరాఖండిగా చెప్పేశారు మరి. ఆ రాత్రే విజయవాడలో బస్సెక్కాను. ఆరేడు గంటల ప్రయాణంలో కునుకు పడితే ఒట్టు.

తెల్లారి అమీర్‌పేటలో దిగేసరికే మైత్రీవనం దగ్గర కోర్సుల కరపత్రాలు చేతుల్లో కుక్కుతున్నారు. హాస్టల్ సందులో ఇడ్లీ బండి ఉంది, ప్లేటు పది రూపాయలు, అల్లం చట్నీ అదిరింది. తింటూనే, స్వాతి నెట్ సెంటర్లో తీయించిన మెయిల్ ప్రింటు చదివాను.

"ఇంటర్వ్యూ ఎప్పుడైందే?"

"అవలేదక్కా. ఇది బ్యాక్‌డోర్. ఇక్కడ డబ్బు కట్టి చేరడం మామూలే. మా రూమ్మేట్ అలాగే చేరింది."

అదీ సంగతి! ఇంకో ఊళ్లో అయితే అనుమానం రావాల్సిన చోట అమీర్‌పేటలో నమ్మకం పుడుతుంది. కంపెనీ పేరు పెద్దదే. మెయిల్ వచ్చిన అడ్రసు మాత్రం ఎవరైనా ఊరికే తెరుచుకునే రకం, డబ్బు వేయమన్న ఖాతా ఎవరో మనిషి పేరు మీద ఉంది. ముందు పంజాగుట్టలో ఉన్న ఆ కంపెనీ ఆఫీసు చూద్దామన్నాను. "లేటైతే వేరేవాళ్లకి ఇచ్చేస్తారక్కా!" అని మొహం మాడ్చుకుంది.

పంజాగుట్ట నడిచినా అరగంటే. మేం ఆటో ఎక్కాం. "పరేషాన్ కాకున్రి అక్కా, సిగ్నల్ దాటితే అయిపాయె" అంటాడు డ్రైవర్, బండి కదలదు. స్వాతి నిమిషానికోసారి టైం చూస్తోంది. చివరికి సగంలోనే దిగిపోయి పరుగులాంటి నడక నడిచాం.

రిసెప్షన్ అమ్మాయి కాగితం చూసి నిట్టూర్చింది. "పేరు మాదేనండి, మెయిల్ మాది కాదు. మేం ఎవరి దగ్గరా డబ్బు తీసుకోం." సోఫాలో అలాంటి కాగితమే పట్టుకున్న కుర్రాడు తలెత్తాడు. "నేను నిన్ననే కట్టేశానండి" అన్నాడు. స్వాతి ఏడ్చేసింది.

అప్పుడే దాని ఫోన్ మోగింది. "మేడమ్, టైమైపోతోంది, కట్టారా?"

స్వాతి కళ్లు తుడుచుకుంది. "తెచ్చానండి. మీ ఆఫీసులోనే ఉన్నాను, రిసెప్షన్‌కి రండి."

ఫోన్ కట్టయింది. మళ్లీ మోగలేదు.

ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు. కానీ ఆ ఆత్రం పెట్టింది మేమేగా, నెలాఖరని గడువు పెట్టి! ఆ మాటే నాన్నకి చెప్పాను, స్వాతికి ఇంకో రెండు నెలలు దొరికాయి. మీకూ ఇలాంటి మెయిల్ వస్తే అందులోని నంబరుకి చేయకండి, కంపెనీ నంబరు విడిగా వెతికి అడగండి. పంజాగుట్టకి మాత్రం నడిచే వెళ్లండి.