మాండవి దాకా ఒకే ఊపిరి

మొన్న కిన్వట్ బస్సెక్కితే, డ్రైవరు నెత్తిమీద బోర్డులో ఎర్రటి అక్షరాలు పాకుతూ ఊళ్ల పేర్లు చూపిస్తున్నాయి. ఎవరూ తలెత్తలేదు, అందరూ ఫోన్లలోనే ఉన్నారు. నా ఉద్యోగం ఈ డబ్బాకిచ్చారే అని ముందు కోపమొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. ఆ ఊళ్ల పేర్లే ఒకప్పుడు నా ప్రాణం నిలబెట్టాయి మరి.

నాందేడ్ స్టాండు బయట జీపులెక్కిన మీ అందరికీ నా గొంతు గుర్తుండే ఉంటుంది. బడి నన్ను వదిలిందో, నేనే బడిని వదిలానో తేలలేదు గాని, “ముద్ఖేడ్-భోకర్-హిమాయత్‌నగర్-ఇస్లాపూర్-కిన్వట్-మాండవీ” అని ఒక్క ఊపిరిలో జీపుకు జనాన్ని పిలిచి, ఆ చివరి అక్షరాన్ని రోడ్డవతలి టీకొట్టు దాకా సాగదీయడంలో మాత్రం నన్ను మించినవాడు లేడు.

ఒక పత్తి సీజన్లో జీపు మీద బస్తాలు కడుతూ జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాను. కాలికి పట్టీతో మంచాన పడ్డా నోటికి పట్టీ లేదు కదా, చూడవచ్చినవాళ్లందరికీ ఆ పిలుపు వినిపించి నవ్వించేవాణ్ని. వంటింట్లో మా ఆవిడ రోజూ వినీ వినీ విసుక్కునేది.

పట్టీ విప్పిన కొన్నాళ్లకు ఆ కాలి పిక్క గట్టిగా, వెచ్చగా వాచింది. ఒక పొద్దున ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు. మా బామ్మర్ది గ్యాసని తేల్చి సోడా తాగించి, పిక్క రుద్దడానికి నువ్వుల నూనె వెచ్చబెట్టాడు. నాకేం కాలేదని చూపించాలని నేను పిలుపందుకుని, భోకర్ దగ్గరే ఆగిపోయాను. బామ్మర్ది కొత్త జోకనుకుని పగలబడి నవ్వాడు. మా ఆవిడ మాత్రం పిండి చేతులతోనే బయటికొచ్చింది.

“ఏందయ్యా, రోజు మాండవి దాక పోతవు, ఇయ్యాల భోకర్లనే దిగినవ్?”

“జీపు పంక్చరైందే.”

“పంక్చరు జీపుకు గాదు, నీకైంది. నడువు దవాఖానకు.”

అక్కడి డాక్టరమ్మ చిన్న వయసుది, మరాఠీ మనిషి. మా ఆవిడ ఛాతీ పోటు కంటే ముందు భోకర్ సంగతే చెప్పింది. ఆమె నవ్వలేదు. “బోలా, భావూ”, చెప్పన్నా అంటూ ఆ పిలుపు నాచేత పిలిపించింది. ఈసారి ముద్ఖేడ్ కూడా దాటలేదు. వేలికి క్లిప్పు పెట్టి చూస్తే ప్రాణవాయువు తక్కువగా ఉంది, ఈసీజీ తీస్తే గుండెపోటు కనిపించలేదు. అప్పుడామె రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి పిక్కలు పోల్చింది. “నూనె పెట్టి రుద్దుదమనుకున్నం మేడం” అని మా బామ్మర్ది అనగానే రెండు చేతులూ అడ్డం పెట్టేసింది. కదలకుండా పడుకుంటే కాలి నరంలో రక్తం గడ్డ కట్టొచ్చట, అందులో ముక్క తెగి ఊపిరితిత్తిలో అడ్డం పడొచ్చట, రుద్దితే ఇంకొన్ని ముక్కలు పైకెళ్లొచ్చట. బామ్మర్ది నవ్వు అక్కడ ఆగింది.

అనుమానం గట్టిదని గడ్డ పెరగకుండా ఇంజెక్షను ముందే ఇచ్చి, స్కానుకు పంపింది. నరంలోకి రంగు మందు ఎక్కించగానే ఒళ్లంతా వేడి పాకి, పంట్లాం తడిసిందేమోనని తడిమి చూసుకున్నాను. పొడిగానే ఉంది, ఆ ఒక్క పరువూ దక్కింది. బొమ్మలో తెల్లటి కొమ్మల మధ్య నల్లటి ముక్కలు. ఆమె అనుమానించినవి సరిగ్గా అవే.

ఇంటికి పంపే రోజు ఆమె మళ్లీ “బోలా” అంది. వార్డు మొత్తం వినేలా మాండవి దాకా ఒక్క ఊపిరిలో వెళ్లొచ్చాను. పక్క మంచం ముసలాయన చెయ్యెత్తి, “నాకొక సీటుంచు తమ్మీ!” అన్నాడు. బామ్మర్ది ఈల వేశాడు. మా ఆవిడ గోడవైపు తిరిగి కొంగు సర్దుకుంటూ చాలాసేపు నిలబడింది.

ఇప్పుడు స్టాండు బయట జీపులూ లేవు, పిలిచేవాళ్లూ లేరు. ఆ ఎర్ర అక్షరాలకు ఆయాసం రాదు, వచ్చినా గమనించేవాళ్లు లేరు. మా ఇంట్లో మాత్రం రోజూ మా ఆవిడ అన్నం వడ్డించే ముందు నేను ఆ పిలుపు పిలవాల్సిందే. జీపు నిండా, పైన కూడా జనం వేలాడిన ఆ పిలుపుకు ఇప్పుడు ఒక్కతే ప్రయాణికురాలు. అయితేనేం, మాండవి వచ్చేదాకా దిగదు.