ముజఫ్ఫర్ సారు చెప్పిన ‘వాక్’ పాఠం

ముజఫ్ఫర్ సారుకి ఒక పిచ్చి ఉండేది. ఇంగ్లీషు మాట కంటపడితే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకునేదాకా ఆయనకు అన్నం సహించేది కాదు. మోత్కూర్‌లో వాళ్ల నాన్నది సైకిళ్ల దుకాణం. చిత్తుకాగితాలతో పాటు అక్కడికొచ్చి పడిన అట్టలేని నిఘంటువును చిన్నప్పుడు పంక్చర్లు వేస్తూ వేస్తూ చదివేశాడు. తిరుమలగిరి దగ్గరి హైస్కూల్లో ఇంగ్లీషు సారయ్యాక ఆ పిచ్చి పాఠాల్లోకి వచ్చింది. మాటల తాతముత్తాతలు తెలిసిన మనిషికి ఇంట్లో ఉప్పుందో లేదో తెలియదని భార్య గజాలా ఎత్తిపొడిచేది. పిల్లలకు మాత్రం ఆయన పాఠమంటే ప్రాణం.

ఇదంతా రెండేళ్ల కిందటి మాట. ఇప్పుడాయన పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పి, గంట కొట్టగానే క్లాసు నుంచి బయటికొచ్చేస్తున్నాడు.

రెండేళ్ల కిందట ఒక రోజు తొమ్మిదో తరగతిలో ‘వాక్’ అనే మాట వచ్చింది. సారు ఊరుకుంటాడా? వెయ్యేళ్ల కిందట ఈ మాటకు నడకతో సంబంధమే లేదన్నాడు. దొర్లడం, అలలాగా పొర్లడం అని దాని అర్థం. తడిపిన ఉన్నిబట్టను కాళ్ల కింద వేసి తొక్కే పనికీ అదే మాట వాడారు. అలా తొక్కేవాళ్లను వాకర్లన్నారు, అది కొందరికి ఇంటిపేరై కూర్చుంది. ఊళ్లు తిరగడం, కాలినడకన పోవడం అనే అర్థాలు ఆ తర్వాత ఎప్పటికో వచ్చాయి. ఇదంతా ఎక్కడో సముద్రాల అవతలి ముచ్చట అన్నట్టే చెప్పాడు.

ప్రణీత అనే పిల్ల లేచి నిలబడింది. వాళ్ల తాత సాయిలు ఇదే పని చేసేవాడని, గొంగడి నేశాక బండ మీద వేసి తొక్కేవాడని చెప్పింది. సారుకి కాలు నిలవలేదు. ఆ సాయంత్రమే వాళ్లింటికి పోయాడు.

సాయిలుకి డెబ్బై దాటాయి. గొర్రెలు కాచి, గొంగళ్లు నేసి బతికిన మనిషి. ఊళ్లో గొంగడి కప్పుకునేవాళ్లు తగ్గిపోయి మగ్గం ఎప్పుడో మూలపడింది. వాళ్లింటి పద్ధతి ఆయన ఓపిగ్గా చెప్పాడు. నేసిన గొంగడిని వేడినీళ్లతో తడిపి, బండ మీద పరిచి, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని తొక్కాలి. ఉన్ని దగ్గరపడి వాననీళ్లు దిగకుండా అవుతుంది. సగంలో దిగితే ఒక పక్క దళసరి, ఒక పక్క పలచన అయ్యి గొంగడి పాడవుతుంది. ఆయన జోడీ భార్య సుగుణమ్మ. ఆమె పోయి నాలుగేళ్లయింది. ఆమె వడికిన ఉన్నితో నేసిన ఆఖరి గొంగడి ఇంకా తొక్కకుండా అటక మీదే ఉంది.

బడికొచ్చి పిల్లలకు చూపించమని సారు అడిగాడు. అది ఇద్దరు చేసే పని కదా అని సాయిలు నసిగాడు. కాసేపే కదా, ఒక్కరే చూపిస్తే చాలన్నాడు సారు. జిల్లా పోటీకి తీసే వీడియోలో ఒక్కరైతేనే బాగా కనబడుతుందన్న మాట మాత్రం నోట్లోనే మింగేశాడు. అంత పెద్ద సారు ఇంటికొచ్చి అడిగాక సాయిలు కాదనలేకపోయాడు.

మర్నాడు పొద్దున బడి బోరు దగ్గర, బండ చుట్టూ పిల్లలు మూగారు. మధ్యాహ్న భోజనం వండే బిక్షమ్మ వేడినీళ్లు పోసింది. సాయిలు ధోవతి ఎగగట్టి, అటక మీంచి దించి తెచ్చిన ఆ ఆఖరి గొంగడి మీదికి ఎక్కాడు. ముసలాయన అడుగులు పడుతుంటే నల్లటి నీళ్లు కారాయి, పిల్లలు చప్పట్లు కొట్టారు. సారు ఫోనులో వీడియో తీస్తూ వెయ్యేళ్ల కథ మొదలుపెట్టాడు. చెప్పేకొద్దీ ఆయనకు ఊపొచ్చింది. హెడ్మాస్టరు కూడా వచ్చి నిలబడేసరికి మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు.

ఒక దగ్గర సాయిలు తల ఎత్తి సారు వైపు చూశాడు. సారు అది చూశాడు. చూసి, ఇంకో రెండు నిమిషాలని వేళ్లతో సైగ చేశాడు. ఆ రెండు నిమిషాలు ఇరవై అయ్యాయి. తొక్కడం పూర్తి చేసి దిగబోతుంటే సాయిలు కాళ్లు వణికాయి. పట్టుకోవడానికి ఏమీ లేదు. బండ అంచు మీద పడి తుంటి ఎముక విరిగింది.

నల్గొండ దవాఖానలో ఆపరేషన్ చేశారు, కానీ ఎముక సరిగా అతకలేదు. సాయిలు మళ్లీ నడవలేదు. సారును ఊళ్లో ఒక్కరూ తప్పుపట్టలేదు. ముసలి ఎముకలు, ఇంట్లో ఉన్నా పడేవాడే అన్నారు. బడి పంపిన వీడియోకు జిల్లాలో బహుమతి వచ్చింది. సారు దండ వేయించుకుని ఇంటికొచ్చి, ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆ వీడియో పెట్టుకుని చూశాడో లెక్కలేదు. సాయిలు తల ఎత్తే చోటుకి రాగానే ఆపేవాడు. ముసలాయన చాలు అంటున్నాడు, నేను వినలేదు, నా కథే నాకు ముద్దయింది అనుకుని కుమిలిపోయేవాడు. గజాలాకి కూడా చెప్పుకోలేదు. నెలనెలా పండ్లు పట్టుకుని సాయిలు ఇంటికి పోయేవాడు గానీ, ఆ ఒక్క మాట చెప్పకుండానే తిరిగొచ్చేవాడు.

పోయిన నెల సారు వెళ్లేసరికి ప్రణీత కాలేజీకి పోయి ఉంది. సాయిలు ఒక్కడే మంచం మీద గోడకు ఆనుకుని కూచున్నాడు. ఇంక ఉండబట్టలేక సారు చెప్పేశాడు.

“తాతా, ఆ రోజు నువ్వు నా దిక్కు జూసినవు. ఆపుమంటున్నవని నాకు ఎరుకే. తెలిసీ తొక్కిచ్చిన. తప్పు నాది.”

సాయిలు తల అడ్డంగా ఊపాడు.

“ఆపుమని జూడలే సారు. గది సగంల ఆపే పని గాదు గదా, నీకు ముందే జెప్పిన. నా కాళ్లు వణుకుతుండె. నువ్వు జర బూట్లు ఇడిసి ఎక్కి, నా భుజం పట్టుకుంటవేమోనని జూసిన.”

రెండేళ్లుగా తన తప్పు ఎంతో తనకు తెలుసనే అనుకున్నాడు సారు. సాయిలు గొంతులో కోపం లేదు, ఉన్నా బాగుండేది. జరిగింది జరిగినట్టు చెప్పి, ఎండ ముఖం మీదికొస్తోంది, జర తలుపు ఓరగా వెయ్యమన్నాడు.