తెలీదని చెప్పిన టీచరు

నా చిన్నప్పుడు మా వీధి పిల్లలందరికీ సాయంత్రం రెండోసారి బడి ఉండేది. అది మా పక్కింటి అక్క పెట్టే బడి. నందిగామలో మా తాతయ్య కిరాణా కొట్టుకీ వాళ్ళింటికీ మధ్య ఒకటే గోడ. వాళ్ళ నాన్న లారీ డ్రైవరు, ఇంట్లో కంటే హైదరాబాదు రోడ్డు మీదే ఎక్కువ ఉండేవాడు. రంజాన్‌కి సేమ్యా పాయసం ముందు మా ఇంటికే వచ్చేది. ఆ అక్క టీచరు ట్రైనింగు చదువుతోంది. ట్రైనింగులో ఉన్నవాళ్ళు ఊళ్ళో బడికి వచ్చి నిజంగానే పాఠం చెప్పాలి. వాళ్ళ లెక్చరరు వెనక కూర్చుని చూసి మార్కులు వేస్తాడు. ఆ పాఠాలన్నీ అక్క ముందు మా మీద చెప్పి చూసుకునేది.

ఆమెకి మా బడిలోనే, మా ఐదో తరగతికే, వానపాము పాఠం పడింది. గోడంత చార్టు మీద బొమ్మ గీసి, రంగులు దిద్ది, అరుగు మీద మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టింది. వానపాము నేలని గుల్ల చేస్తుంది, రైతుకి మిత్రుడు, దానికి కళ్ళు లేవు. నాకక్కడ అనుమానం వచ్చింది. మా పెరట్లో తడి రాయి ఎత్తగానే అవి గబగబా మట్టిలోకి దూరిపోయేవి. కళ్ళు లేకపోతే వెలుతురు వచ్చిందని వాటికెలా తెలుస్తుందని అడిగాను. అక్క చార్టు వంక చూసింది, చేతిలో పుస్తకం వంక చూసింది. తర్వాత, అది పాఠంలో లేదు, పరీక్షలో రాదు, నోరు మూసుకుని విను అంది. విన్నాను. ఆ సాయంత్రం ఇంకేమీ అడగలేదు. నన్ను చూసి మిగతావాళ్ళు కూడా అడగలేదు.

మర్నాడు అక్క కాలేజీ నుంచి వస్తూనే మా కొట్టు దగ్గర ఆగింది. మొహం ఎర్రగా ఉంది. నన్ను పక్కకి పిలిచి, నా ప్రశ్నే వాళ్ళ లెక్చరరుని అడిగానని చెప్పింది. అది సిలబస్‌లో లేదు, మీ పని మీరు చూసుకోండి అన్నాడట ఆయన. క్లాసంతా నవ్విందట.

"నిన్న నీకు నేనూ అదే చెప్పా కదే," అంది. "అనిపించుకుంటేగానీ తెలీలేదు ఎలా ఉంటుందో."

ఈలోగా మా హెడ్మాస్టారు ఆమెకి సాయం చేద్దామనుకున్నారు. ఆయన మంచివారే, మా ఊరి పిల్లకి మంచి మార్కులు రావాలని కోరుకున్నారు. ఎవరు ఏ ప్రశ్నకి లేచి ఏ జవాబు చెప్పాలో ముందే పంచిపెట్టి, మా చేత వల్లె వేయించారు. నా వంతుకి "వానపాము రైతుకి మిత్రుడు" వచ్చింది.

పాఠం రోజున అక్క ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. చుట్టిన చార్టు విప్పకుండానే బల్ల మీద పెట్టేసింది. వెనక లెక్చరరు, ఆయన పక్కన హెడ్మాస్టారు. అక్క తిన్నగా నా వంక చూసి, అరుగు మీద అడిగిన ప్రశ్న మళ్ళీ అడగమంది. నేను హెడ్మాస్టారి వంక చూశాను. ఆయన వద్దని తల ఊపారు. అయినా లేచి అడిగాను.

"నాకు తెలీదు," అంది అక్క. "అందరూ ఇలా రండి, చూద్దాం."

సంచీలోంచి డబ్బా తీసింది. అందులో తడి మట్టి, వానపాములు. వాటిని వెడల్పాటి పళ్ళెంలో తడిగుడ్డ మీద వదిలి కిటికీ దగ్గర ఎండలో పెట్టింది. సగం పళ్ళెం మీద పలక అడ్డంగా పెట్టి నీడ చేసింది. మేమంతా తలలు ఆనించుకుని చూస్తున్నాం. అవి అటూ ఇటూ తడుముకుంటూ మెల్లగా పలక కిందకి చేరాయి. క్లాసు గోలగోలైంది. ఒకడు మాత్రం ఒప్పుకోలేదు. అది వెలుతురుకి కాదు, ఎండ చురుక్కుమని పారిపోయాయి అన్నాడు. అక్క మొహం వెలిగిపోయింది. మరి ఏది నిజమో ఎలా తేలుస్తాం అని మమ్మల్నే అడిగింది. ఎవరికి తోచింది వాళ్ళు చెబుతుండగానే గంట కొట్టేశారు.

లెక్చరరు మా ముందే అన్నాడు. పాఠం పూర్తి కాలేదు, చార్టు వాడలేదు, అన్నిటికంటే తప్పు, టీచరై ఉండి పిల్లల ముందు తెలీదని చెప్పడం. అలా చెబితే రేపు వీళ్ళు మీ మాట వింటారా అని అడిగాడు. అక్క చేతులు తుడుచుకుంటూ నిలబడింది. తల మాత్రం వంచలేదు.

"తెలీంది తెలీదనే చెప్పానండి. రేపు ఇంకోటి అడిగినా అదే చెప్తానండి," అంది.

ఆ పాఠం తప్పిందని రాశారు. మళ్ళీ చందర్లపాడు బడిలో చెప్పమన్నారు.

ఆ సాయంత్రం అక్క ఏడుస్తుందనుకున్నా. ఆమె మా తాతయ్య దగ్గరకొచ్చి, కొట్టు వెనక చీకటి గది కాసేపు ఇవ్వమని అడిగింది. కందిపప్పు బస్తాల మధ్య పురుగులేంటని తాతయ్య గొణిగాడు గానీ తాళం ఇచ్చాడు. ఎండ లేని చోట, వాళ్ళ నాన్న టార్చిలైటు పళ్ళానికి దూరంగా పట్టుకుని వేసి చూశాం. వెలుతురు పడిన పురుగు ముడుచుకుని చీకట్లోకి తిరిగింది. ఎన్నిసార్లు వేసినా అంతే. తర్వాత లైబ్రరీలో వెతికితే దాని చర్మమే వెలుతురుని కనిపెడుతుందని దొరికింది. ఆ మాట చదివి వినిపిస్తూ, నాకూ ఇప్పుడే తెలిసిందే అని నవ్వింది. అంతవరకూ ఏ పెద్దవాళ్ళూ నాతో కలిసి ఒక సంగతి నేర్చుకోవడం నేను చూడలేదు.

చందర్లపాడులో బుద్ధిగా చార్టుతో చెప్పి రమ్మని వాళ్ళ నాన్నతో సహా అందరూ చెప్పారు. అక్క డబ్బా పట్టుకునే బస్సెక్కింది. అక్కడా అలాగే చెప్పింది. ఈసారి బొటాబొటీ మార్కులతో గట్టెక్కించారు. ఆమె తర్వాత రెడ్డిగూడెం వైపు టీచరుగా వెళ్ళి, అక్కడే రిటైరైంది. ఆమె పాఠం చెప్పే పద్ధతి మార్చుకుందని నేనెప్పుడూ వినలేదు.

నేనూ టీచరునయ్యాను. జగ్గయ్యపేట చుట్టుపక్కల బళ్ళలో సైన్సు చెప్పాను. నా తరగతి చూడ్డానికి వచ్చిన ఒక అధికారి, ఇంత గోలేంటి, క్రమశిక్షణ లేదా అన్నారు. పిల్లలు అడుగుతున్నారండి, గోలగానే ఉంటుంది అన్నాను. నా రిపోర్టులో ఏం రాసుకున్నారో నేను అడగలేదు. ఇప్పుడు మా వీధిలో కొత్తగా ట్రైనింగు చేస్తున్న పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. తెలీనిది ఎవరైనా అడిగితే ఎలా తప్పించుకోవాలని అడుగుతారు. ఆ విద్య మాత్రం నాకు రాదు, నేర్పను కూడా. అడిగిన పిల్ల పక్కన కూర్చుని కలిసి వెతకమని చెబుతాను. మార్కులు పోతాయి కదండీ అంటారు.

పోతే పోనివ్వండి అంటాను.