మలుపు దగ్గర కుర్చీ

సైకిల్ పందెం అంటే నోలీన్ ట్రెలోర్‌కి మూడు సెకన్లు. అంతే. ముప్పై ఒక్క ఏళ్ళుగా, చలికాలం శనివారాల్లో పెంగారో ఊరి క్లబ్బు పందెం పెట్టినప్పుడల్లా, ఆమె బార్లీ గోదాముల అవతలి మలుపు దగ్గర మడత కుర్చీ వేసుకుని కూర్చునేది. రేవుకి పోయే లారీలకు ఎర్రజెండా ఊపి నెమ్మదిగా రమ్మనేది. పందెగాళ్ళు జుయ్యిమని వచ్చి, సముద్రం వైపు తిరిగి, మాయమైపోయేవారు. వాళ్ళు పోయాక ఆ ఖాళీ రోడ్డును చూస్తూ కాసేపు అలాగే నిలబడేది. అటువైపు ఏముందో తెలియక కాదు, కారులో వందసార్లు వెళ్ళింది. ఆ గుంపులో ఒకతెగా, ఆ మోత మధ్యన వెళ్ళడం ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. ఒక్కసారైనా వెళ్ళాలని ఆమె ప్రాణం కొట్టుకునేది. ఎవరితోనూ అనలేదు.

మొదట్లో భర్త లైల్ కోసం అక్కడ నిలబడింది. అతను అప్పట్లో పందెగాడు. తొమ్మిదేళ్ళ కిందట తుంటి నొప్పని సైకిలు మానేసి, శనివారాలు టీవీలో ఫుట్‌బాల్‌కి అంకితమైపోయాడు. పందెం అతన్ని వదిలింది గానీ మలుపు నోలీన్‌ని వదల్లేదు. ఇదెక్కడి న్యాయమని ఊళ్ళో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

ఆమె అరవై ఒకటో ఏట స్కూలు క్యాంటీన్‌లో పని మానేసింది. చేతికొచ్చిన దాంట్లో వెయ్యి డాలర్లు పక్కన పెట్టుకుని, అక్కడ చలికాలం మొదలయ్యే జూన్‌లో ఒక పొద్దున కింగ్స్‌లీ రోడా దుకాణానికి వెళ్ళింది. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క సైకిళ్ళ దుకాణం అతనిది. క్లబ్బులో అందరికంటే వేగంగా తొక్కేదీ అతనే. సైకిలు కావాలని ఆమె అన్నదో లేదో, తిన్నగా ఒక హైబ్రిడ్ రకం సైకిలు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆకుపచ్చది, కొత్తది. అడ్డంగా తిన్నటి హ్యాండిలు, మెత్తటి సీటు, లావు టైర్లు, పైగా ముందొక బుట్ట. తొమ్మిది వందలు.

"నీకిదే సరైంది నోలీన్," అన్నాడు. "నిటారుగా కూర్చో, చుట్టూ చూసుకో, తొందరేముంది? బేకరీకి వెళ్ళి పేస్టీలు బుట్టలో పడేసుకుని రావచ్చు."

దీనితో శనివారం పందెంలోకి రానిస్తారా అని ఆమె అడిగింది. వేళాకోళమనుకుని కింగ్స్‌లీ నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి గొంతు సవరించుకుని, రానివ్వరన్నాడు. గుంపులో ఆ హ్యాండిలు పక్కవాడికి తగులుతుందని క్లబ్బు నిబంధన ఉంది. పందెమంటే కిందికి వంగిన హ్యాండిలున్న రోడ్ సైకిలే కావాలి. కొత్తదైతే రెండు వేల పైమాటే. గోడకి మాత్రం ఒకటి వేలాడుతోంది, ఎవరో డాక్టరు వాడి వదిలేసిన నీలం సైకిలు. సరిగ్గా వెయ్యి. పెడళ్ళు లేవు, అవీ వాటికి తగిలించుకునే ప్రత్యేకమైన బూట్లూ విడిగా కొనుక్కోవాల్సిందే.

రెండూ తొక్కి చూసింది. హైబ్రిడ్ ఎక్కితే ఇంట్లో సోఫాలో కూర్చున్నట్టే ఉంది. నడుము పల్లెత్తు మాట అనలేదు, మోకాలు ఊసెత్తలేదు. ఎక్కడివో పాత పెడళ్ళు బిగించి నీలంది ఇచ్చాడు. అది ఎక్కగానే ఒళ్ళంతా గోల పెట్టింది. మెడ లాగేసింది, అరచేతులు మండాయి, సన్నటి టైర్లు రోడ్డు మీది ప్రతి గులకరాయినీ వెన్నులోకి పంపాయి. బుద్ధున్న మనిషి అక్కడే దిగిపోవాలి. కానీ రైలు పట్టాలు దాటాక ఆమె సీటు మీంచి కాస్త లేచి గట్టిగా తొక్కింది. సైకిలు ఒక్క ఉరుకు ఉరికింది. నోలీన్ గుండె ఝల్లుమంది. వీధి చివరిదాకా వెళ్ళొస్తానన్న మనిషి గోదాములదాకా వెళ్ళిపోయింది.

తిరిగొచ్చేసరికి కింగ్స్‌లీ గుమ్మంలో నిలబడి రోడ్డుకేసి చూస్తున్నాడు. హైబ్రిడ్‌కి బిల్లు రాయనా అన్నాడు.

"నీలందానికి రాయి," అంది నోలీన్. "ఈ పాత పెడళ్ళు ఉంచెయ్."

లైల్ దాన్ని చూసి, మెడ విరగ్గొట్టుకోవడానికి వెయ్యి డాలర్లా, ఆ డబ్బుతో కొత్త పొయ్యి వచ్చేదే అని సణిగాడు. పొయ్యి ఎవరికి కావాలో వాళ్ళే వండుకోవచ్చని నోలీన్ మనసులోనే అనుకుంది. మర్నాడు చూస్తే సీటు రెండు వేళ్ళు పైకి జరిగి ఉంది. లైల్ పాత హెల్మెట్ దాని మీద పెట్టి ఉంది. అతను టీవీ మీంచి తల తిప్పలేదు.

రెండు నెలలు ఒంటరిగా తొక్కింది. ఆగస్టులో పేరిచ్చింది. ఆ క్లబ్బులో నెమ్మది మనుషుల్ని ముందు వదిలి, గట్టివాళ్ళను చివర వదులుతారు. వెనకవాళ్ళు ముందువాళ్ళను పట్టుకోవడమే పందెం. డెబ్బై నాలుగేళ్ళ క్లారీ ఓపీతో కలిసి, కింగ్స్‌లీ గుంపు కంటే ముప్పై అయిదు నిమిషాల ముందు బయల్దేరమన్నారు. ఆమె పేరు చదవగానే అందరూ చప్పట్లు కొట్టారు. నోలీన్ ముఖం ఎర్రబడింది. ఆ సంతోషంలో ఒక సంగతి ఎవరికీ తట్టలేదు, ఆమెకు కూడా.

శనివారం చలిగాలి ఎదురు కొడుతోంది. క్లారీ కాసేపు ముందుండి గాలికి అడ్డం కాస్తే ఆమె వెనక, ఆమె ముందుంటే అతను వెనక. వెనక ఉన్నప్పుడు గాలి ఆగిపోయి, అతని చక్రం మోత తన చక్రం మోతతో కలిసిపోయేది. ఇదా, ముప్పై ఏళ్ళు ఇదా నేను పోగొట్టుకున్నది అనుకుంది. కాళ్ళు పీకుతున్నా నవ్వొచ్చింది. వెనకనుంచి గుంపులు వచ్చి కలుపుకునే క్షణం కోసం చెవులు రిక్కించి తొక్కింది. వాళ్ళ వెనకే అంటుకుని తొక్కితే రెండు నిమిషాలైనా వాళ్ళతో పోవచ్చని క్లారీ ముందే చెప్పాడు.

ఇరవై అయిదో కిలోమీటరు దగ్గర మలుపు వచ్చింది. గడ్డిలో కుర్చీ కాళ్ళు అరగదీసిన నాలుగు గుంటలు ఉన్నాయి. కుర్చీ లేదు. జెండా లేదు. మనిషి లేదు. బార్లీ లారీ ఒకటి నెమ్మదించకుండానే వాళ్ళ పక్కనుంచి ఊడ్చుకుంటూ పోయింది. నోలీన్ బ్రేకు నొక్కేసింది.

"ఆగకు పిల్లా," అన్నాడు క్లారీ. "ఎవరో ఒకరు చూసుకుంటారులే."

"ఆ ఎవరో నేనే కదా క్లారీ."

కింగ్స్‌లీ గుంపు ఈ మలుపులో బ్రేకు ముట్టుకోదు. అటూ ఇటూ చూడదు. చూడడానికి ఆమె ఉంటుందని వాళ్ళ ధీమా. క్లారీని వెళ్ళమని పంపేసి, సైకిలు కంచెకి ఆనించి, పసుపు కోటు విప్పి చేతబట్టుకుని రోడ్డు మీదికొచ్చింది. చెమట పట్టిన ఒంటికి గాలి కత్తిలా తగిలింది.

మొదటి గుంపు వచ్చింది, పోయింది. రెండోది వచ్చింది, పోయింది. తర్వాత ఒక లారీని కోటు ఊపి ఆపింది. డ్రైవరు తిట్టుకున్నట్టున్నాడు. అదే క్షణంలో కింగ్స్‌లీ గుంపు లారీ ముక్కు ముందునుంచి జుయ్యిమని తిరిగింది. "థాంక్స్ నోలీన్," అని కింగ్స్‌లీ ఎప్పటిలాగే తల తిప్పకుండా కేకేశాడు. మూడు సెకన్లు. ఆమె కంచె దగ్గరికొచ్చి నీలం సైకిలు పట్టుకుని ఏడ్చింది. ఆ మోత వెంట పోవాలని ఒళ్ళంతా కొట్టుకుంది.

మిగిలిన పదిహేను కిలోమీటర్లు ఒక్కతే తొక్కింది. చేరేసరికి ముగింపు గీత దగ్గర ఎవరూ లేరు. వాన పడుతోందని టైము చూసేవాళ్ళు లోపలికి వెళ్ళిపోయారు. క్లబ్బు గదిలో టీ, పేస్టీలు నడుస్తున్నాయి. క్లారీని ఎదురుగాలిలో మొదటి గుంపే పట్టేసిందట. గోడమీద ఫలితాల కాగితం అంటించారు. పందెగాళ్ళ పేర్లు ఇరవై రెండు. ఆమెది లేదు. అడుగున, సహాయం చేసినవారికి కృతజ్ఞతలన్న చోట, గోదాముల మలుపు పక్కన నోలీన్ ట్రెలోర్ అని ఉంది. ప్రతి వారం రాసే చెయ్యి ప్రతి వారంలాగే రాసేసింది.

కింగ్స్‌లీ పేస్టీ నములుతూ వచ్చి, నువ్వు లేకపోతే ఇవాళ మా పని అయిపోయేదన్నాడు. తడిసి వణుకుతున్న ఆమెను చూసి, హైబ్రిడ్ కొనుంటే ఈ బాధ ఉండేది కాదుగా అని కూడా అన్నాడు.

నోలీన్ గది మూలనున్న బీరువా తెరిచి మడత కుర్చీ, ఎర్రజెండా తీసి అతని ముందు పెట్టింది.

"వచ్చే శనివారం మలుపు నీది," అంది.

"నాదా? నేను పందెంలో ఉంటాను కదా."

"ఇవాళ నేనూ పందెంలోనే ఉన్నాను."

కింగ్స్‌లీ గోడమీది కాగితం వైపు చూశాడు. పైనుంచి కిందిదాకా పేర్లన్నీ చదివాడు. ముఖం మాడిపోయింది.

"నిటారుగా కూర్చో, చుట్టూ చూసుకో," అంది నోలీన్ మెల్లగా. "తొందరేముంది?"

అతను జెండా అందుకున్నాడు. ఆమె బయటికొచ్చి, తడిసిన సీటును కోటు చేతితో తుడిచింది. అరచేతులు ఇంకా మండుతున్నాయి. వచ్చే శనివారానికి ఇంకా ఏడు రోజులున్నాయి.