రాజలింగు దుకాణంలో వరుస

రాజలింగు డూప్లికేట్ బ్రేకు షూలు అంటగట్టడం వల్లనే ఆటో సీతారాం ప్రాణం పోయిందని ఎల్లారెడ్డిలో ఒక మాట తిరుగుతోంది. చాయ్ హోటల్లో పుట్టిన మాట అది. బీడీల చాటల మీదెక్కి ఇల్లిల్లూ తిరిగింది, పెళ్లి బంతుల్లో కూర్చుని భోజనం కూడా చేసింది. చెప్పిన ప్రతివాడూ దానికి ఇంత ఉప్పు, ఇంత కారం కలిపాడు. ఆ మాట తప్పు. రాజలింగు ఎటువంటి మనిషైనా కావచ్చు, అతని నోరు ఎటువంటిదైనా కావచ్చు, సీతారాంకు మాత్రం అతను నకిలీ సరుకు అమ్మలేదు. అడగవలసిన మనిషే పోయి ఎదురుగా నిలబడి అడిగింది. ఆమె సీతారాం భార్య గంగమణి.

మొదట గంగమణికి ఆ మాటే దిక్కు. ప్రమాదం జరిగినప్పుడు ఆమె బీర్కూర్‌లో తల్లిగారింట్లో ఉంది. వరికోతల కాలం. సీతారాం ఎప్పటిలాగే పల్లెల్లోని ఆడవాళ్లను, వాళ్లు చుట్టిన బీడీలను ఆటోలో ఎక్కించుకుని కార్ఖానాకు తెస్తున్నాడు. చెరువుకట్ట దిగే మలుపులో ఆటో ఆగలేదు. సీతారాం అక్కడికక్కడే పోయాడు. ఆడవాళ్లు దెబ్బలతో బయటపడ్డారు గాని, ముత్తవ్వకు తుంటి ఎముక విరిగి, ఈనాటికీ కర్ర లేనిదే గడప దాటలేదు.

దినాలు కాగానే గంగమణి ఆమెను చూడబోయింది. ముత్తవ్వ మంచంలోనుంచి ముఖం గోడవైపు తిప్పుకునే మాట్లాడింది.

"బ్రేకు తొక్కితే ఉత్తగ కిందికి పోయింది పిల్లా. నీ పెనిమిటికి ముందుగాల్నే ఎరుక. ఎరుకుండే మమ్ముల ఎక్కించుకున్నడు."

ఆ తర్వాత వాడలో ఆడవాళ్లు బీడీలు చుడుతూ కూర్చున్న అరుగు దగ్గరికి గంగమణి పోతే, ఒక్కొక్కరికీ ఇంట్లో పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు గుర్తుకొచ్చేది. ఆమె చాట పట్టుకుని ఒంటరిగా తన వాకిట్లోనే కూర్చోవడం అలవాటు చేసుకుంది. చచ్చినవాడికి అన్నం పెట్టవచ్చు, తద్దినం పెట్టవచ్చు, పోయిన పేరు ఎక్కడినుంచి తెచ్చి పెడతారు?

అప్పుడే మరిది మహేందర్ ఆ డూప్లికేట్ మాట పట్టుకొచ్చాడు. అన్న మొన్నమొన్ననే కొత్త షూలు వేయించాడని, అవి రాజలింగు దుకాణంలోవేనని, నకిలీవి కనుకనే పట్టలేదని అన్నాడు. చూశావా అని ఎవరూ అతన్ని అడగలేదు. గంగమణి కూడా అడగలేదు. మునిగేవాళ్లు గడ్డిపోచను పరీక్ష చేసి పట్టుకోరు.

జనం నమ్మడానికి రాజలింగు నడవడి కూడా తోడైంది. చిన్నప్పుడే కామారెడ్డిలో ఒక స్పేర్‌పార్ట్స్ దుకాణంలో పనికి కుదిరిన మనిషి. అక్కడి సేటు దగ్గర అతను నేర్చిన విద్యలు రెండు. ఒకటి, ఏ డబ్బాలో ఏ సామాను ఉందో కళ్లు మూసుకుని చెప్పడం. రెండోది, ఎదుట నిలబడ్డవాడి చెప్పులు చూసి జవాబు చెప్పాలో వద్దో తేల్చుకోవడం. ఎల్లారెడ్డిలో సొంత దుకాణం పెట్టుకున్నాక మొదటి విద్య కంటే రెండోదానికే ఎక్కువ పేరొచ్చింది.

గిరాకి నోరు తెరవకముందే "లేదు" అనేవాడు. ఉన్నా లేదనేవాడు, నిచ్చెన ఎక్కాలంటే బద్ధకం. పిట్లం నుంచి వచ్చిన ఒక రైతు ట్రాక్టరుకు బెల్టు అడిగితే, ఏ ట్రాక్టరు అన్నాడట. ఎర్రది బాపూ అన్నాడు ఆ అమాయకుడు. "ఎర్రదైతే కిరాణంల కుంకుమడుగు పో" అన్నాడట రాజలింగు. ఆ ముచ్చట ఇప్పటికీ పిట్లం బస్సులో చెప్పుకుంటారు. ఇంత తిట్టించుకుంటూ ఎందుకు పోయేవారంటే, ఆయన దగ్గర దొరకకపోతే కామారెడ్డి పోవాలి. కామారెడ్డి పోతే దినం పోతుంది.

ఆ దుకాణానికి ఒక పద్ధతి ఉండేది. ఎరువుల దుకాణం ముందు చెప్పులు, పాసుబుక్కులు వరుసగా పేర్చి, తాము నీడకు కూర్చునే జనం కదా మనది. ఇక్కడా అదే. బండిలోంచి విప్పిన పాత సామాను తెచ్చి దుకాణం ముందు బల్ల మీద వరుసలో పెట్టాలి. దాన్ని చూసే ఆయన కొత్తది తీస్తాడు. సామాను బల్ల మీద ఉందంటే మనిషి ఉన్నట్టే. చాయ్ తాగి రావచ్చు, సంతకు పోయి రావచ్చు, ఎవరూ వరుస దాటరు. దాటించే హక్కు రాజలింగు ఒక్కడిదే. పెద్ద గిరాకి వస్తే, అందునా కోతమిషన్ల వాళ్లు వస్తే, బల్ల మీది సామానేదీ అతని కళ్లకు ఆనేది కాదు.

సీతారాం పోయిన తర్వాత ఈ మనిషి మారాడు. మంచికి మారాడా అంటే అదీ కాదు. నోరు మాత్రం పడిపోయింది. ఎవరైనా వచ్చి ఇది కావాలి అంటే విననట్టే ముఖం తిప్పుకుంటాడు. రాక్ దగ్గరికి పోయి ఏదో డబ్బా తీస్తాడు, బల్ల మొదట్లో పెడతాడు, తల ఒక పక్కకు వంచి ఆగుతాడు. మళ్లీ డబ్బా తీసుకుపోయి యథాస్థానంలో పెడతాడు. అప్పుడు గాని అసలు గిరాకి వైపు తిరిగి, ఏం కావాలని అడగడు. నిప్పులు కురిసే ఎండలో వచ్చినవాడికి ఇది చూస్తే ఒళ్లు మండదా? కొందరు తిట్టి పోయారు. కొందరు నవ్వి పోయారు. పక్కన కూరగాయలమ్మే కమలవ్వ, గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టి చూసింది. "వీని చెవుల ఎవలో కూసున్నరు బిడ్డా" అనేది వచ్చిన వాళ్లతో. చేసిన పాపం పట్టిందని మహేందర్ వాళ్లు అన్నారు. నకిలీ సరుకు మాటకు అది సాక్ష్యమైపోయింది.

ఈ యేడు మహేందర్ అన్న ఆటోను బాగుచేయించి తానే నడుపుకుంటానన్నాడు. పోలీస్ స్టేషన్ ఆవరణలో మగ్గి, తర్వాత ఇంటి వెనక తడిసి, రేకులు తుప్పు పట్టిన బండి అది. రాజలింగు గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడు కాబట్టి కామారెడ్డి పోయాడు. వెంట గంగమణి కూడా పోయింది. అక్కడి దుకాణంలో గద్దె మీది మనిషి ఫోన్లోంచి కళ్లెత్తలేదు. ఏ బండి, ఏ చక్రం అని అడగలేదు. ఒక డబ్బా ఇటు తోసి, మళ్లీ ఫోన్లోకి పోయాడు. ఇవే సరిపోతాయా అన్నా అని గంగమణి అడిగితే, సరిపోకపోతే మార్చేది లేదు అన్నాడు. రాజలింగుకు విద్య నేర్పిన ఊరు మరి.

సరిపోలేదు. మెకానిక్ యోబు వాటిని బండి ముందు చక్రానికి అటు పెట్టి ఇటు పెట్టి చూసి, కింద పడేశాడు.

"పాతవి సూపెట్టి తేవాలె గదా మహేందర్. ఉత్త చేతులతోని పోతెట్ల?"

పాతవి ఆ చక్రంలోనే ఉంటాయి కదా, నువ్వే కదా విప్పావు అన్నాడు మహేందర్. యోబు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. తర్వాత గంగమణి వైపు చూసి చెప్పాడు.

"డ్రమ్ముల షూలు లెవ్వొదినె. ఖాళీగున్నది. లోపల తీగ సుట్టి ఉన్నది, ఆయిల్ కారకుంట. గా కట్టు సీతారామన్నదే. నేను గుర్తువడత. గది తెగి, ఆయిలంత కారి బ్రేకు పోయినట్టున్నది."

పోలీసులు తీసి ఉంటారని మహేందర్ అన్నాడు. పోలీసులు షూలు తీసి తీగ కడతారా అన్నాడు యోబు. ఇంటికి వచ్చాక మహేందర్ గొంతు తగ్గించి, ఈ సంగతి ఇక్కడే బొంద పెట్టు వదినె, ఊరు ఒక మాట అనుకుంటోంది, అనుకోనీ అన్నాడు.

ఊరు అనుకోవచ్చు. గంగమణి ఇక అనుకోలేదు. లేని షూలు నకిలీవి ఎట్లా అవుతాయి? ఆ రోజు సీతారాం తన చేతులతోనే అవి విప్పాడు. విప్పి, తీగ కట్టి, ఆడవాళ్లను ఎక్కించుకున్నాడు. ముత్తవ్వ చెప్పింది అక్షరాలా నిజం. అన్నం గిన్నె ముందు పెట్టుకుంటే ఆ మలుపే కనిపించింది. బీడీ చుడుతుంటే ఆకు చిరిగిపోయింది. పదిమంది ప్రాణాలంటే లెక్కలేని మనిషితోనా ఇన్నేళ్లు కాపురం చేసింది? వాన పడితే ఆటో పరదాలు కట్టి, పసిపిల్లల తల్లులను ముందు దించి వచ్చే మనిషి ఒక్కనాడు అట్లా ఎట్లా అయ్యాడు?

విప్పినవి ఏమయ్యాయి? పనిముట్ల పెట్టె తీసింది. మంచం కింద, అటక మీద, కట్టెల గూట్లో చూసింది. ఎక్కడా లేవు. పాత మేకు కూడా పారేసేవాడు కాదు సీతారాం. ఇంట్లో లేవంటే ఎక్కడికో పట్టుకుపోయాడు. పాత షూలు పట్టుకుని ఆటోవాడు పోయే చోటు ఎల్లారెడ్డిలో ఒక్కటే. పోయాడా, పోకుండానే ఎక్కడో విసిరేసి బండి ఎక్కాడా? ఆ ఒక్కటి తెలిస్తే చాలనుకుంది. తెలిశాక ముత్తవ్వ ముందు తల ఎత్తడమో, దించడమో ఏదో ఒకటి చేయవచ్చు. మహేందర్‌కు చెప్పకుండా ఎండ నెత్తిన ఉండగానే బయలుదేరింది.

దుకాణం ముందు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. సరిహద్దు ఊరు డోంగ్లి నుంచి వచ్చిన ఒకాయన చాలాసేపటి నుంచి నిలబడ్డాడు కాబోలు, ఈ దుకాణం పేరు చెప్పి తన ఊళ్లో ఎవరినీ ఇటు రానివ్వనని పెద్దగొంతుతో మరాఠీ కలిపి తిడుతున్నాడు. రాజలింగు అతని వైపు చూడటం లేదు. గంగమణి అతన్ని దగ్గరగా చూసి చాలాకాలమైంది. చెంపలు లోపలికి పోయి, అంగీ భుజాల మీద వేలాడుతోంది. అతను రాక్ లోంచి ఒక డబ్బా తీశాడు. మూత విప్పి, కొత్త బ్రేకు షూల జత బయటికి తీసి, బల్ల మొదట్లో పెట్టాడు. తల వంచి ఆగాడు.

కొత్తవి పెట్టిన చోట, వాటి పక్కనే, ఒక పాత జత ఉంది. వెనక ఉన్న బెల్టులు, బేరింగులు, తీగలు అన్నీ ఆ పూట పెట్టినవే. ఇవి మాత్రం తుప్పుతో బల్లకు అతుక్కుపోయి, కింద చెక్క కూడా ఎర్రబారింది. రెండింటినీ కలిపి ఒక గుడ్డపేలికతో కట్టి ఉంది. దుమ్ము కింద ఆ పేలిక రంగు పూర్తిగా పోలేదు. పసుపు మీద ఆకుపచ్చ చుక్కలు. చినిగిన చీరను ఆమె స్వయంగా చింపి, బండి తుడుచుకోమని మగడికి ఇచ్చిన ముక్క.

గంగమణికి ఎండ వేడి తెలియకుండా పోయింది. రాజలింగు తల వంచి ఆగిన వైపు, ఎవరూ లేని ఆ కాస్త ఖాళీ వైపు ఆమె కూడా చూసింది. నిలబడ్డ మనుషులు ఒకరినొకరు ఒరుసుకుంటున్నారు గాని ఆ ఖాళీలోకి మాత్రం ఎవరూ జరగడం లేదు. ఎందుకు జరగడం లేదో వాళ్లకూ తెలియదు.

రాజలింగు కొత్త జతను డబ్బాలో పెట్టి, రాక్ లో పెట్టి, ఇటు తిరిగాడు. ఆమెను చూశాడు. చేయి రాక్ మీదే ఉండిపోయింది.

"రాజలింగన్నా" అంది గంగమణి. "ఆ దినం మా ఆయన నీ తానికి వచ్చిండా? నీ తాన ఏం కొన్నడు?"

అతను అలవాటుగా ముఖం రాక్ వైపు తిప్పుకున్నాడు. డోంగ్లి ఆయన తిట్టడం ఆపాడు. కమలవ్వ తక్కెడ దించింది.

"నేను గిరాకి గాదన్నా. నాకు సామానొద్దు. జవాబు చెప్పు."

రాజలింగు ఇటు తిరిగి, ఆమెను కాక బల్ల మొదటిని చూస్తూ చెప్పాడు.

"ఏం కొనలే చెల్లె. నేనియ్యలే. సామాను గీ రాక్‌లనే ఉండె, చెయ్యేస్తే అందుతది. కోతమిషనోళ్లు వచ్చిండ్రని ఆగుమన్న. 'ఆడోళ్లు బీడీలు వట్టుకొని ఎండల నిలవడ్డరన్నా, జెర ముందుగాల నాకియ్యి' అన్నడు. ఆగుమన్న. మల్ల అడిగిండు. మొఖం తిప్పుకున్న. 'నా సామాను లైన్ల ఉండనియ్యి, మెల్లగ పోయి వాళ్లను దింపి వస్త' అన్నడు. అనుకుంట అనుకుంట పోయిండు. గప్పటిసంది ఎవలొచ్చి నోరు తెరిసినా ముందుగాల ఆయనే అడుగుతుండు. తీసి పెడుతున్న చెల్లె, రోజు తీసి పెడుతున్న. అడుగుతడు గని తీసుకుంటలేడు."